పత్తి ఏరే ముందు తెల్లదోమ: ఇంతకుముందు కొట్టిన మందేంటో చూడండి

ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగ నది ఇవతల జైనథ్, బేల వైపు దీపావళి వస్తే చాలు, ఒకటే ఫోన్లు. "అన్నా, చేన్లకు పోతే తెల్లగ లేస్తున్నయి, ఏ మందు కొట్టాలె?" అని. ఆకు తిప్పి చూశావా అంటే లేదంటారు. చెట్టు కదిపితే లేచేవి రెక్కలొచ్చిన దోమలు. పిల్ల పురుగులు ఆకు అడుగున అతుక్కుని, కదలకుండా రసం పీలుస్తూ బంక కారుస్తుంటాయి, చేనులో నడుచుకుంటూ పోతే అవి కనబడవు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు, గట్టు పక్క మొక్కలు కాకుండా చేను మొత్తంలో అక్కడక్కడా 20 మొక్కలు పట్టుకుని, ఒక్కోదానికి పైన, మధ్యన, కింద ఒక్కో ఆకు మెల్లగా తిప్పి లెక్కపెట్టండి. సగటున ఆకుకి 6 నుంచి 8 దోమలు, లేదా 20 పిల్ల పురుగులు ఉంటే మందు ఆలోచించాలి. అంతకన్నా తక్కువుంటే పసుపు రంగు జిగురు అట్టలు, వేపనూనె చాలు.

ఆకు ఎర్రబడింది కానీ అడుగున ఏమీ లేదంటే అది దోమ కాదు, రాత్రి చలి, మెగ్నీషియం లోపం. లీటరుకి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొట్టండి. అంచులు పసుపు రంగుకి తిరిగి కిందికి ముడుచుకుంటే పచ్చదోమ. కొమ్మకి తెల్లటి పిండిలా పట్టుంటే పిండినల్లి, అది ఎక్కడో నాలుగు మొక్కలకే ఉంటుంది, పీకి కాల్చేయండి. వీటి మీద ఇంతకంటే టైమ్ పెట్టక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఆకు పైన బంక మెరుస్తోంది, దాని మీద నల్లగా మసి పడుతోంది, పగిలిన పత్తి చేతికి జిగటగా తగులుతోంది, రెండుసార్లు మందు కొట్టినా దోమ పెరుగుతూనే ఉంది. దీనికి అందరూ చెప్పే కారణాలు నకిలీ మందు, పక్కోడి చేను, వాతావరణం. ఉండొచ్చు. కానీ నేను చూసిన వాటిలో ఎక్కువ చేలల్లో కారణం అంతకుముందు గులాబీ రంగు పురుగు (కాయ లోపల దూరి తినేది) కోసం కొట్టిన మందే. ఖాళీ సీసా వెతికి లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవండి. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్, డెల్టామెత్రిన్, ఇలా పేరు చివర 'త్రిన్' ఉంటే దొంగ దొరికినట్టే. ఫెన్‌వలరేట్‌కి ఆ తోక ఉండదు కానీ అదీ ఆ కుటుంబమే, వీటన్నిటినీ పైరెత్రాయిడ్లు అంటారు. షాపులో రెండు మందులు కలిపిన సీసా ఇస్తే అందులో ఒకటి ఇదే అయ్యుండొచ్చు, అందుకే రెండు పేర్లూ చదవాలి.

ఇది ఎలా మోసం చేస్తుందంటే, కొట్టిన మర్నాడు ఎగిరే దోమ తగ్గుతుంది, మందు బాగా పనిచేసిందని మనం నిమ్మళంగా ఉంటాం. అదే మందుకి అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు, దోమ పిల్లల్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు కూడా పోతాయి. ఆకు అడుగునున్న దోమ పిల్లలకి మాత్రం మందు సరిగా తగలదు, తగిలినా చాలా చోట్ల తెల్లదోమ ఈ మందులకి ఎప్పుడో అలవాటు పడిపోయింది. తినేవాళ్లు లేని చేనులో అవి మూడు వారాల్లో రెక్కలొచ్చి ఒక్కసారిగా లేస్తాయి. అప్పుడు మనం అదే సీసా ఇంకోటి తెస్తాం! కొన్నిటి లేబుల్ మీద తెల్లదోమ పేరు కూడా ఉంటుంది, నిజమే, అయినా ఏరే సమయంలో నేనైతే వాటి జోలికి పోను.

కాబట్టి ముందు 'త్రిన్' ఆపండి. గులాబీ పురుగు భయం ఉంటే లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ వాటిని పట్టేవి) చూడండి, వరుసగా 3 రాత్రులు బుట్టకి 8 చొప్పున రెక్కల పురుగులు పడితే తప్ప దానికి మందు వద్దు. చెట్టు మీద పచ్చికాయలు ఎన్నో మిగల్లేదంటే ఆ మందు ఖర్చు ఉత్తదే, ఏరేసి పంట తీసేయడం మేలు.

తర్వాత పగిలిన పత్తి మొత్తం ఏరించండి, ఆ తర్వాతే దోమకి మందు. పిల్ల పురుగులు ఎక్కువుంటే పైరిప్రాక్సిఫెన్ 10 శాతం మందు లీటరుకి 2 మిల్లీలీటర్లు. ఇది పెద్ద దోమని చంపదు, గుడ్లని, పిల్లల్ని ఆపుతుంది, మర్నాడు దోమ ఎగిరిందని టెన్షన్ పడి ఇంకో మందు కొట్టకండి. పెద్ద దోమలే ఎక్కువుంటే డయాఫెంథియురాన్ లీటరుకి 1.25 గ్రాములు. తక్కువుంటే 1500 పీపీఎం వేపనూనె 5 మిల్లీలీటర్లు, గ్రాము సర్ఫ్ పొడి. ఏదైనా ఒక్కటే, మూడూ ఒకే డ్రమ్ములో పోయకండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, నాజిల్ కింది నుంచి పైకి తిప్పి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. తలమీదుగా పైపైన కొట్టుకుంటూ పోతే డబ్బులు గాల్లో పోసినట్టే, పైగా మందు మీద పడుతుంది. 2017లో నది అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయారు. మాస్కు, ఫుల్ చేతుల చొక్కా, గాలికి ఎదురు నడవకపోవడం, ఇవి లేకపోతే ఆ రోజు మందు వద్దు.

మళ్లీ ఏరడానికి ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీదే ఉంటుంది, అన్ని రోజులూ ఆగండి. మసి పట్టిన పత్తి వేరే సంచిలో వేయించండి, మంచి దాంట్లో కలిస్తే బండి మొత్తానికి రేటు కోస్తారు. గట్ల మీద తుత్తురు బెండ, వయ్యారిభామ ఉంటే తీసేయండి, ఏరడం అయిపోయాక దోమ వాటి మీదే బతుకుతుంది.