చెన్నైలో స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సుకు దరఖాస్తు: ఫారం కంటే ముందు చూడాల్సినవి

మామూలు బీఎడ్‌ లాంటిది కాదు స్పెషల్ ఎడ్యుకేషన్ బీఎడ్, ఇది వైకల్యమున్న పిల్లలకు చదువు చెప్పేవాళ్ల శిక్షణ. దీనికి అనుమతి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ నుంచి రావాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ప్రత్యేక ఉపాధ్యాయులుగా పనిచేయాలి. గుర్తింపు లేని చోట చదివితే ఆ రిజిస్టర్‌లోకి ఎక్కలేరు. కట్టిన ఫీజు, పెట్టిన రెండేళ్లు వృథా అయినట్టే.

కాబట్టి మొదటి పని ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో తమిళనాడు జాబితా తెరవడం. కాలేజీ పేరు కనిపించగానే సంతోషపడి ఆగిపోవద్దు. అనుమతి కాలేజీ మొత్తానికి కాదు, ఒక్కో కోర్సుకు, ఒక్కో వైకల్య విభాగానికి, ఫలానా విద్యా సంవత్సరం వరకని ఇస్తారు. మీరు చేరే సంవత్సరం అందులో ఉందా లేదా చూసి, ఆ పేజీని ప్రింటు తీసి దాచుకోండి.

ఇంటర్ 50 శాతంతో పాసైతే స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా అయిన డీఎడ్‌కు, డిగ్రీలో 50 శాతం ఉంటే బీఎడ్‌కు అర్హులు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు బీఎడ్‌కు 55 శాతం కావాలి. రెండూ రెండేళ్ల కోర్సులే. చెన్నైలో కేంద్ర ప్రభుత్వ సంస్థ కావాలనుకుంటే, ఈస్ట్ కోస్ట్ రోడ్డులో (ఈసీఆర్) ముట్టుకాడు దగ్గర 2005లో ఏర్పాటైన బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ప్రవేశ ప్రకటన కోసం చూడండి.

విభాగం ఎంపిక తొందరపడి చేసేది కాదు. 2021లో సుప్రీంకోర్టు మామూలు బడుల్లో ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతుల్లో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని చెప్పింది. ఆ పది మందిలో ఒకరికి చూపు సమస్య, ఇంకొకరికి ఆటిజం ఉండొచ్చు. ఏ విభాగం తీసుకున్నా మిగతావాటి గురించి తెలుసుకోక తప్పదు. ప్రాక్టీసు బడిలో పిల్లలతో తమిళంలో మాట్లాడాలి, అందుకు ఇప్పటినుంచే సిద్ధపడండి. బ్రెయిలీ మాత్రం అంత కొత్తగా అనిపించదు: భారతీయ భాషల ఉమ్మడి చుక్కల లిపి అయిన భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కీ తమిళ 'క'కీ అవే చుక్కలు.

దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గరే. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో అది ఒక్క అక్షరమైపోతుంది. తమిళనాడులో చాలామంది తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా రాస్తారు. మూడు రకాలుగా ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ఆపేస్తారు, తర్వాత ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్‌లో మళ్లీ అదే తంటా. ఫారంలో టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయండి, ఆధార్‌ను దానికి అనుగుణంగా ముందే సరిచేయించుకోండి.

వేరే రాష్ట్రంలో చదివినవాళ్లు టీసీతోపాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవాలి. ఆంధ్ర, తెలంగాణల బీసీ సర్టిఫికెట్ తమిళనాడు కోటాలో పనిచేయదు. కేంద్ర సంస్థకైతే కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. మీ మండల కార్యాలయం నుంచి అది రావడానికి సమయం పడుతుంది, ప్రకటన వచ్చేదాకా ఆగవద్దు.

పాసయ్యాక మార్కుల జాబితాలు, సర్టిఫికెట్, పుట్టినతేదీ ఆధారం, ఫొటో జతచేసి ఆర్‌సీఐలో ఆన్‌లైన్‌గా రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. అది 5 ఏళ్లే చెల్లుతుంది. పొడిగించుకోవాలంటే ఆ గడువులో ఆర్‌సీఐ గుర్తించిన శిక్షణల్లో పాల్గొని పాయింట్లు చూపించాలి, వాటి సర్టిఫికెట్లను ఏ ఏడాదివి ఆ ఏడాదే ఒక ఫైల్లో పెట్టుకోండి.