మోస్ట్ వాంటెడ్ 2005: డబ్బు పెంచడం ఒక పని, తాళాలు తీయడం ఇంకో పని

నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ అనే కార్ రేసింగ్ గేమ్‌లో డబ్బు పెంచితే బండ్లన్నీ వచ్చేస్తాయనుకుంటారు చాలామంది. రావు. కెరీర్‌లో బ్లాక్‌లిస్ట్ అనే ప్రత్యర్థుల జాబితాలో ఉన్న 15 మందిని ఒక్కొక్కరినే ఓడిస్తూ పోతేనే షోరూంలో కొత్త బండ్లు తెరుచుకుంటాయి. ఖాతాలో కోటి ఉన్నా తాళం పడ్డ బండి కొనలేం.

బెంగళూరులో పీజీల్లో ఆఫీసు ల్యాప్‌టాప్ మీదే ఆడేవాళ్లు ఇక్కడే ఆగండి. డబ్బు అంకె మార్చడానికి వాడే చీట్ ఇంజిన్ అనే టూల్‌ని యాంటీవైరస్ పట్టుకుంటే ఐటీ వాళ్లకి అలర్ట్ వెళ్లొచ్చు. ఎస్పీ రోడ్‌లో దొరికే పాత ల్యాప్‌టాప్ అయినా ఈ గేమ్‌కి సరిపోతుంది.

మొదట డాక్యుమెంట్స్‌లోని ఎన్ఎఫ్ఎస్ మోస్ట్ వాంటెడ్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌కి సింక్ అవుతుంటే ఆ సింక్ ఆపండి. సేవ్ ఫైల్‌ని హెక్స్ ఎడిటర్‌తో (ఫైల్‌లోని బైట్లని మార్చే టూల్) నేరుగా మార్చొద్దు, చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చూసే లెక్క) కలవక ప్రొఫైల్ పాడైందని గేమ్ తోసేస్తుంది. గేమ్ నడుస్తుండగా మెమరీలో మార్చి, సేవ్ చేసే పని గేమ్‌కే వదిలేయాలి.

కెరీర్ తెరిచి, ఆల్ట్ ట్యాబ్ కొట్టి చీట్ ఇంజిన్‌లో స్పీడ్ అనే ప్రాసెస్‌ని ఎంచుకోండి. వాల్యూ టైప్ 4 బైట్స్. ఇప్పుడున్న డబ్బుని కామా లేకుండా వేసి ఫస్ట్ స్కాన్ నొక్కితే చాలా అడ్రస్‌లు (మెమరీలో ఆ అంకె ఉన్న చోట్లు) వస్తాయి. గేమ్‌లోకెళ్లి ఏదైనా చిన్న పార్ట్ కొని, మిగిలిన మొత్తంతో నెక్స్ట్ స్కాన్ చేయండి. రెండుమూడు అడ్రస్‌లు మిగిలేదాకా ఇదే. ఒక్కోదాన్ని విడిగా మార్చి చూడండి. మార్చాక పాత అంకె తిరిగొస్తే అది తెర మీద చూపించే కాపీ మాత్రమే, అసలుది పక్కది. 50 లక్షలు చాలు. 2,147,483,647 దాటితే అంకె తిరగబడి మైనస్‌లోకి పోతుంది. ఆ తర్వాత మరో పార్ట్ కొని, గేమ్ సేవ్ అయ్యాకే బయటికి రండి.

తాళాలు తీయడానికి ఎక్స్‌ట్రా ఆప్షన్స్ అనే మాడ్ (గేమ్‌ని మార్చడానికి కలిపే ఫైళ్లు) నమ్మదగ్గది. అది 1.3 ప్యాచ్ వేసిన, గేమ్‌ని తెరిచే స్పీడ్ ఫైల్ మీదే నడుస్తుంది, ఆ ఫైల్ సైజు 60,29,312 బైట్లు ఉండాలి. తేడా ఉంటే గేమ్ తెరుచుకోగానే మూసుకుపోతుంది. తప్పు మాడ్‌ది కాదు, వెర్షన్‌ది. జిప్‌లోని డీఎల్ఎల్ ఫైల్‌నీ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌నీ గేమ్ ఫోల్డర్‌లో వేసి, ఐఎన్ఐ ఫైల్ (మాడ్ సెట్టింగ్స్ ఉండేది) నోట్‌ప్యాడ్‌లో తెరిచి అన్‌లాక్‌కి సంబంధించిన లైన్ చూసి ఆన్ చేయండి. దీనికి కొత్త ప్రొఫైల్ పెట్టుకోవడమే మేలు. అసలు కెరీర్‌లో అన్నీ ఒకేసారి తెరుచుకుంటే బ్లాక్‌లిస్ట్‌లో మొదటి స్థానంలో ఉన్న రేజర్‌దాకా వెళ్లే ఆట రుచే పోతుంది.

ఏ టూలూ వద్దనుకుంటే మొదటి తెర మీద, క్లిక్ చేయమని అడిగే చోట, క్యాస్ట్రాల్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. క్యాస్ట్రాల్ రంగుల ఫోర్డ్ జీటీ క్విక్ రేస్‌కి వస్తుంది, కెరీర్‌కి రాదు.