దసరా చుట్టాలకు వైఫై ఇచ్చేముందు

బెజవాడలో ఇల్లున్నవాళ్ళకి దసరా చుట్టాల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మూలా నక్షత్రం నాడు అమ్మవారిని సరస్వతీదేవి అలంకారంలో చూడాలని వచ్చేవాళ్ళకి క్యూలైను తర్వాత మజిలీ మన హాలే. ఒకప్పుడు మంచినీళ్ళ గ్లాసుతో మొదలయ్యేది మర్యాద. ఇప్పుడు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "బాబాయ్, వైఫై పాస్‌వర్డ్ ఏంటి?"

ఇవ్వకుండా ఉండలేం. ఇవ్వొద్దని నేనూ అనను. కాకపోతే ఇచ్చిన పాస్‌వర్డ్‌ని మళ్ళీ వెనక్కి తీసుకోలేం. చుట్టాలు వెళ్ళిపోతారు, అది మాత్రం వాళ్ళ ఫోన్లలో ఉండిపోతుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై షేర్ నొక్కితే వచ్చే క్యూఆర్ కోడ్‌లో దాగి ఉండేది ఆ పాస్‌వర్డే. చాలా ఫోన్లలో కోడ్ కింద అక్షరాల్లో కనిపిస్తుంది కూడా. మేనల్లుడికి చెబితే వాడి ఫ్రెండుకీ చెప్పినట్టే.

పోయిన దసరా వెళ్ళాక సత్యనారాయణపురంలోని మా ఇంట్లో నెట్ నత్తనడక నడిచింది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్, అంటే వైఫై బాక్సు, పేజీ తెరిచాను. ఉండేది నలుగురం. వైఫైకి కలిసినవాటి లిస్టులో ఇరవై మూడు పేర్లు! మా ఫోన్లు, టీవీ, గేటు దగ్గరి కెమెరా పోగా మిగిలినవాటిలో ఒకటి పైవాటాలో ఉండి రెండేళ్ళ కిందటే ఖాళీ చేసిన కుర్రాడి ఫోను. పక్క వీధిలోకే మారాడు, డాబా మీదికి మా సిగ్నల్ అందుతోంది. పాపం, అతని తప్పేం లేదు, ఫోన్ దానంతటదే కలుస్తోంది. ఆ రౌటర్ పేజీ లాగిన్ కూడా అడ్మిన్, అడ్మిన్ అనే ఉంది. బిగించిన మనిషి మార్చలేదు, నేనూ పట్టించుకోలేదు. పైగా ఆయన వైఫై పాస్‌వర్డ్‌ని స్కెచ్ పెన్నుతో బాక్సు నెత్తిన రాసి వెళ్ళాడు. హాల్లో సోఫాలో కూర్చున్న ఎవరికైనా కనబడుతుంది.

ఎవడో నాలుగు వీడియోలు చూస్తే మనకేం పోతుంది అంటారు. పోయేది డేటా ఒక్కటే కాదు. బయటి ప్రపంచానికి ఆ ఫోన్లన్నీ మన కనెక్షన్ పేరుతోనే కనిపిస్తాయి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్ళకు ఈమెయిల్ వెళ్ళింది. పోలీసులు ఆ జాడ పట్టుకుని వెళ్తే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఫ్లాట్ తేలింది. ఆయన వైఫైని ఇంకెవరో వాడుకున్నారు. ఆయన తనకేం సంబంధం లేదని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు పాస్‌వర్డ్ సంగతి. మన ఊళ్ళో సగం ఇళ్ళలో వైఫై పాస్‌వర్డ్ ఇంటాయన సెల్ నంబరే అని నా అనుమానం. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి గనక మొత్తం కలిపితే 400 కోట్లు. పెద్ద అంకెలాగే ఉంది కదా? మీ ఫోను రౌటర్‌తో కలిసే క్షణంలో గాల్లో అటూ ఇటూ వెళ్ళే నాలుగు సందేశాలను దొంగ పట్టుకుంటే చాలు, ఆ తర్వాత వాడు మీ ఇంటి దగ్గర ఉండాల్సిన పని లేదు. తన గదిలో కూర్చుని తీరిగ్గా ఒక్కో నంబరూ సరిపోతుందేమో చూసుకోవచ్చు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షల చొప్పున చూస్తుంది. అలా 400 కోట్లు తేలడానికి గంటా పది నిమిషాలు కూడా పట్టదు. అసలు అంత శ్రమ కూడా అక్కర్లేదేమో, ఆ నంబరు గేటుకు వేలాడే టులెట్ బోర్డు మీదే ఉంటుంది.

పొడుగ్గా పెట్టండి. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. ఒకదానికొకటి పొంతన లేని మాటలు నాలుగైదు కలపండి: గోంగూర, గడియారం, ఇస్త్రీపెట్టె, తెప్ప, ఇలాగ. ఇవే పెట్టకండి మరి!

రౌటర్ పేజీలోకి ఎలాగూ వెళ్ళారు కాబట్టి సెక్యూరిటీ అనే చోట ఏముందో చూడండి, అది వైఫైకి వేసిన తాళం రకం. డబ్ల్యూఈపీ అని ఉంటే తాళం లేనట్టే లెక్క, దాన్ని 2001లోనే ఛేదించారు. కనీసం డబ్ల్యూపీఏ2 ఉండాలి, అందులోనూ ఏఈఎస్ అనే రకం. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 దొరికితే అదే పెట్టండి. ఇందాక చెప్పిన తీరిగ్గా కూర్చుని ఊహించే పద్ధతి దాని దగ్గర సాగదు. పాత ఫోన్లు కలవకపోతే రెండూ కలిపిన ఆప్షన్ ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ మాత్రం ఆపేయండి. దాని పిన్ ఎనిమిదంకెలదే గానీ, రౌటర్ దాన్ని రెండు ముక్కలు చేసి సరిచూస్తుంది, చివరి అంకె మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో చూసే లెక్క కోసం ఉన్నదే. దాంతో పది కోట్లు కావాల్సిన ప్రయత్నాలు 11,000కి పడిపోతాయని 2011లో బయటపడింది. వైఫై పేరు దాచిపెడితే క్షేమమనే మాట నమ్మొద్దు. పేరు దాస్తే మీరు వెళ్ళిన ప్రతిచోటా మీ ఫోనే ఆ పేరు పెట్టి కేకలేస్తుంది.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది గెస్ట్ నెట్‌వర్క్ గురించి. చాలా రౌటర్లలో ఉంటుంది. వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. అందులో చేరినవాళ్ళకి నెట్ వస్తుంది గానీ మీ కెమెరా, ప్రింటరు, లాప్‌టాప్ కనబడవు. లోపలి వాటిని చూడనివ్వాలా అని అడిగే టిక్కు ఉంటే తీసేయండి. పేరు సరదాగా 'దసరా చుట్టాలు' అని పెట్టుకోండి, కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. అందరికీ ఇచ్చినట్టూ ఉంటుంది, ఎవరికీ కోపం రాదు. ఊరూ పేరూ లేని చవక కెమెరాలు ఉంటే వాటినీ అటే పంపండి. పది మంది ఒకేసారి వీడియోలు పెడితే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీద ఆగిపోతుంటుంది, హాల్లో ఉన్నవాళ్ళని 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి మార్చండి. గోడలు దాటాలంటే మాత్రం 2.4 నయం.

ఇక ఘాట్ల దగ్గర, బస్టాండులో కనిపించే ఫ్రీ వైఫై సంగతి. రైల్వే స్టేషన్‌లో ఉచిత వైఫై 2016 నుంచీ ఉంది, సెల్‌కి ఓటీపీ వస్తుంది. వైఫైకి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. జేబులో ఉన్న ఫోన్‌తో 'దుర్గమ్మ గుడి ఫ్రీ వైఫై' అని నేనూ పెట్టగలను. కలవగానే ప్రత్యేక దర్శనం టికెట్ అంటూ కార్డు వివరాలో యూపీఐ పిన్నో అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. డబ్బులు కట్టే పని మొబైల్ డేటా మీద చేసుకోండి. గుడికి బయల్దేరేముందు ఫోన్లో తెరిచి ఉన్న నెట్‌వర్క్‌లకు దానంతటదే కలిసే ఆప్షన్ ఆపండి. ఒకవేళ డబ్బు పోతే పండగ అయ్యాక చూద్దాం అనుకోకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇదంతా పాడ్యమి పొద్దున మొదలెట్టకండి. ఇంటి వైఫై అసలు పాస్‌వర్డ్ మార్చగానే టీవీ, కెమెరా, ప్రింటరు అన్నీ తెగిపోతాయి. కొత్తది టీవీలో రిమోట్‌తో ఒక్కో అక్షరం నొక్కుతూ కొట్టాలి. మా ఇంట్లో ముప్పావుగంట పట్టింది, అందులో పావుగంట మా అత్తగారి సీరియల్ టైము.