బాతుని కోడిలా వండితే ఇంతే సంగతులు

మా ఇల్లు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం అవతల, కనిగిరి రిజర్వాయరు పిల్లకాలువ పక్కన. గడప దాటితే కయ్యలే. కోతలైపోయాక బాతుల్ని వదిలితే రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుని అవే తిరిగొస్తాయి. ఆరు పెట్టలు, ఒక మగబాతు ఉంటే ఇంటికి చాలినన్ని గుడ్లు. నాటుకోడి కింద గుడ్లు పెడితే 28 రోజులకి పిల్లలు దిగుతాయి, అందులో సగం మగవే తేలతాయి. మగవి ఎక్కువైతే పెట్టల్ని బతకనివ్వవు. అందుకని మా ఇంట్లో కూరకి వెళ్లేది ఎప్పుడూ మిగులు మగబాతే. తోక మీద ఒకటి రెండు ఈకలు ఉంగరంలా మెలితిరిగి ఉంటే మగది. వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేది పెట్ట, మగదాని గొంతు జలుబు చేసినట్టుంటుంది.

పెళ్లయిన కొత్తలో కనుమ నాడు మా తమ్ముళ్లు వస్తే బాతు వండాను. కోడికూర చేతికి వచ్చు కదా అనే ధీమా. నాలుగు గరిటెల నూనె, ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, ముప్పావు గంట పొయ్యి మీద. కూర పైన వేలెడు మందాన జిడ్డు తేలింది, ముక్క సాగుతోంది, ఒకటే నీచు. "అక్కా, ఇది బాతా, సైకిల్ ట్యూబా?" అన్నాడు చిన్నోడు. మా అత్త ఆ పూట ఏమీ అనలేదు. మళ్లీ బాతు కోసిన రోజు మాత్రం పీట వేసుకుని నా పక్కనే కూర్చుంది. "వండేది గంట, బాగుచేసేది రెండు గంటలమ్మాయ్, ఎట్టాగో చూడు" అంది. ఇక్కడ రాసేదంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ముందు వారం రోజులు బాతుని కాలువలోకి పోనివ్వకండి. గంప కిందో, దొడ్లోనో కట్టేసి వడ్లు, నూకలు, తవుడు పెట్టండి, మంచినీళ్లు పోయండి. నత్తలు, చేపపిల్లలు తిన్న బాతు కొవ్వులో ఆ వాసనే ఉంటుంది. కొవ్వు పట్టేది కూడా ఈ వారంలోనే. ఇంకో సంగతి, కొత్త ఈకలు మొలిచే టైములో కోయొద్దు. ఛాతీ మీద ఈకల్ని ఎదురు దువ్వి చూడండి. నల్లటి ములుకులు కనిపిస్తే రెండు మూడు వారాలు ఆగండి. ఆగకపోతే ఆ ములుకుల్ని చిన్న పటకారుతో ఒక్కొక్కటే పీక్కుంటూ కూర్చోవాలి. నేను ఒకసారి పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి, మధ్యాహ్నం అన్నం వేళకి ఇంకా రెక్కల దగ్గరే ఉన్నాను.

బాతు ఈక నీటిని లోపలికి రానివ్వదు, వేడినీళ్లని కూడా రానివ్వదు. అందుకే మా అత్త నీళ్లలో ఓ గ్లాసు కుంకుడురసం పోసేది. నీళ్లు కళపెళా మరగకూడదు. మరిగితే పైతోలు ఉడికి, ఈకతో పాటు చిరిగి వచ్చేస్తుంది. దబర అంచుల్లో చిన్న బుడగలు మొదలవగానే దించి, కాళ్లు పట్టుకుని బాతుని ముంచి, ఈకలకి ఎదురుగా అటూ ఇటూ ఊపుతూ మూడు నిమిషాలు ఉంచండి. రెక్క ఈక ఒకటి లాగితే సులువుగా రావాలి. పెద్ద ఈకలు పీకేశాక మిగిలిన నూగుని వరిగడ్డి మంట మీద కాల్చి, పసుపు రాసి, కత్తి మొనతో గీకి కడగండి. మంట మీద ఎక్కువసేపు పట్టుకోవద్దు, కొవ్వు కారి మంట ఎగుస్తుంది.

అసలు నీచంతా తోక దగ్గర ఉంటుంది. తోక మొదట్లో పైన రెండు చిన్న గడ్డలు, నొక్కితే పసుప్పచ్చటి జిడ్డు. బాతు ముక్కుతో అక్కడ రుద్దుకుని ఒళ్లంతా పూసుకునేది అదే. తోకకొసతో సహా లోతుగా కోసి పారేయండి. మా తమ్ముడు ట్యూబన్న రోజు ఆ గడ్డలు కూరలోనే ఉడికాయని తర్వాత తెలిసింది.

కందనకాయ పారేసేవాళ్లని చూస్తే నాకు బాధ. దాన్ని నిలువునా చీరి, లోపలిది దులిపి, పసుప్పచ్చటి పొరని గోటితో ఒలిచేయాలి. ఇసుక, నత్తగుల్ల ముక్కలు రావటం మామూలే. ఒకసారి మా పెద్దమ్మాయి స్కూల్ చొక్కా గుండీ వచ్చింది, అంచులన్నీ అరిగి, తెల్లగా మెరుస్తూ.

కోసిన రెండు మూడు గంటల్లో కండ బిగుసుకుంటుంది. ఆ టైములో పొయ్యి ఎక్కిస్తే ఎంతసేపయినా మెత్తబడదు. సాయంత్రం బాగుచేసి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వండండి.

కిలోన్నర బాతుకి ముక్కలు దగ్గర దగ్గర కిలో వస్తాయి. ముందు తోలు, కొవ్వు ఉన్న ముక్కల్ని విడిగా తీసి, చట్టిలో అరగ్లాసు నీళ్లతో సన్న సెగ మీద పెట్టండి. నూనె వేయొద్దు. నీళ్లు ఇగిరిపోయాక కొవ్వు కరిగి చిటపటమంటుంది, తోలు ముక్కలు ఎర్రగా వేగుతాయి. ఆ కొవ్వులో సగం ఒక గ్లాసులోకి వంచి పక్కన పెట్టుకోండి. ఈలోపు మిగతా ముక్కల్ని ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో కుక్కర్లో పెట్టండి. లేత బాతుకి నాలుగు విజిల్స్. ఏడాది దాటిన దానికి ఎనిమిది, లేదా అరచేయంత పచ్చి బొప్పాయి ముక్క నూరి గంట ముందు పట్టించండి.

ఇక్కణ్ణుంచి రెండు దారులు. మా ఆయనకి వేపుడు. చట్టిలో ఉన్న కొవ్వులోనే కరివేపాకు, చీరిన పచ్చిమిర్చి, రెండు ఉల్లిపాయలు వేయించి, ఉడికిన ముక్కల్ని నీళ్లు వంచేసి వేయాలి. సన్న సెగ మీద ఇరవై నిమిషాలు, మధ్యమధ్యలో అడుగు గీకుతూ. దించేముందు రెండు చెంచాల మిరియాలు, చెంచా ధనియాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి చల్లండి. గరంమసాలా పొడి పడితే ఇది కోడి వేపుడే అయిపోతుంది.

నాకు పులుసే ఇష్టం. కొవ్వులో మెంతులు నాలుగు గింజలు, ఉల్లిపాయలు వేయించి, ముక్కలు, మూడు చెంచాల కారం వేసి, ముక్కలు ఉడికిన నీళ్లే పోయాలి. కొబ్బరి, గసగసాలు, ధనియాలు వేయించి నూరిన ముద్ద తర్వాత. నిమ్మకాయంత చింతపండు రసం చివర్లో. మామిడికాయల కాలంలో చేపల పులుసులో వేసినట్టే పుల్లటి కాయ నాలుగు ముక్కలు వేస్తాను, కొవ్వు మొహం మొత్తకుండా అది చూసుకుంటుంది. ఈ పులుసు వండిన రోజు తినకండి. చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దున్నకి పైన కొవ్వు గడ్డకడుతుంది. దాన్ని చెంచాతో తీసేసి, బాగా మరగకాచి, సంగటిలోకి తినండి.

గుడ్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కోడిగుడ్డు కన్నా పెద్దది, సొన చిక్కన. తెల్లారేలోపు బురదలో పెట్టేస్తాయి కాబట్టి కడిగి, పన్నెండు నిమిషాలు ఉడికించండి. సగం ఉడికినవి పిల్లలకి పెట్టొద్దు.

ఇంకోటి, 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్లు చనిపోయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. బాతులు పైకి బాగానే కనిపిస్తూ ఆ వైరస్‌ని మోస్తాయట. అందుకని మెడ వాల్చిందాన్ని, దానంతటది చచ్చిందాన్ని నష్టమొచ్చిందనుకుని కోయకండి, పశువుల డాక్టరుకి చెప్పండి. పచ్చి మాంసం పట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి, ఎముక దగ్గర ఎరుపు పోయేదాకా ఉడకనివ్వండి.

పక్కన పెట్టిన ఆ గ్లాసు కొవ్వు ఏమైందంటారా? వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే నెయ్యిలా తెల్లగా పేరుకుంటుంది. పెనం మీద కారం దోసె పోసి, నూనె బదులు అది అర చెంచా వేస్తాను. మా తమ్ముడు ఇప్పటికీ అది నెయ్యే అనుకుంటున్నాడు.