కాలేజీ అడ్మిషన్‌కి ఈడీ (ఎర్లీ డెసిషన్) ఎక్కడ వెయ్యాలో తేలకపోతే
మా అమ్మాయికి అమెరికాలోని విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ కాలేజీలు రెండూ నచ్చేసి ఎర్లీ డెసిషన్ (ముందుగానే వేసే అప్లికేషన్) దేనికి వెయ్యాలో తేలక ఇంట్లో వారం రోజులు ఇదే చర్చ, ఈడీ ఒక్కచోటే కదా వేసేది, సీటొస్తే చేరాల్సిందే. చివరికి ర్యాంకింగులు పక్కనపెట్టి, ఒక్కో కాలేజీకి మొదటి రెండేళ్ళలో సెమిస్టర్‌కి 4 చొప్పున తను చదవాలనుకునే 16 కోర్సులు తననే కాగితం మీద రాయమన్నాం. ఒకటి అరగంటలో నిండిపోయింది, రెండోది 11 దగ్గర పెన్ను ఆగిపోయింది, అంతే తేలిపోయింది. కేటలాగులోవన్నీ ప్రతి ఏడూ పెట్టరు, అందుకని ఈ ఏడాది నిజంగా నడుస్తున్న కోర్సుల్లోంచే రాయించండి.

ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) మీద ఆధారపడేవాళ్ళకి మాత్రం ఇదొక్కటే చాలదు, ముందు రెండిటి నెట్ ప్రైస్ కాలిక్యులేటర్లు (సాయం పోను మనం ఎంత కట్టాలో అంచనా చెప్పేవి) చూడాలి, సొంత బిజినెస్ ఉంటే ఆ అంకె కూడా తప్పొచ్చు, ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడిగాకే ఈడీ ఒప్పందం మీద సంతకం పెట్టండి.