ఉత్తర ఐర్లాండ్‌లో ఆర్టికల్ 55 సమీక్ష చేసే పద్ధతి

వారానికి 16 గంటలు, అంతకుమించి పనిచేసేవారు 10 మందిని దాటితే 1998 నాటి న్యాయమైన ఉపాధి ఉత్తర్వు ప్రకారం సమానత్వ చట్టాలను పర్యవేక్షించే ఈక్వాలిటీ కమిషన్ దగ్గర సంస్థను నమోదు చేయించాలి. ఏటా మతవర్గాల వారీగా సిబ్బంది లెక్క పంపాలి. మూడేళ్లకు కనీసం ఒకసారి ఆ ఉత్తర్వులోని ఆర్టికల్ 55 కింద సమీక్ష చేయాలి, అంటే ప్రొటెస్టెంట్లకూ రోమన్ కాథలిక్కులకూ ఉద్యోగాల్లో న్యాయమైన భాగం దక్కుతోందో లేదో చూసుకోవాలి.

ముందు లెక్క సరిగ్గా ఉండాలి. సామాజిక నేపథ్యం, అంటే ఏ మతవర్గం నుంచి వచ్చారో అడిగే ఫారంలో మూడు గడులు చాలు: ప్రొటెస్టెంట్, రోమన్ కాథలిక్, రెండూ కాదు. అది దరఖాస్తుతో కలవకూడదు, ఎంపిక చేసేవాళ్ల కంట పడకూడదు. జవాబు ఇవ్వనివారి నేపథ్యాన్ని, చదివిన ప్రాథమిక పాఠశాల వంటి వివరాలతో నిర్ధారించవచ్చు.

చాలామంది తప్పటడుగు వేసేది తర్వాతి మెట్టులో. మొత్తం సిబ్బంది శాతం చూసి ఫర్వాలేదనుకుంటారు. అలా వద్దు, ఒక్కో ఉద్యోగ శ్రేణిని విడిగా చూడండి. దరఖాస్తుదారుల్లో 40 శాతం ఉన్న వర్గం నియామకాల్లో 20 శాతమే ఉంటే చిక్కు ఎంపికలో ఉంది: అర్హతలు, ఇంటర్వ్యూ మార్కులు మళ్లీ పరిశీలించండి. దరఖాస్తులే తక్కువైతే ప్రకటన ఎవరికి చేరుతోందో చూడండి. ఉన్న ఉద్యోగులు చెప్పగా వచ్చినవారినే తీసుకుంటుంటే పాత అసమతుల్యతే కొనసాగుతుంది.

ఏదైనా వర్గానికి లోటు తేలితే, దాన్ని సరిదిద్దే సానుకూల చర్య తప్పదు. ఆ వర్గంవారి దరఖాస్తులను ప్రత్యేకంగా ఆహ్వానిస్తున్నామని ప్రకటనలో రాయండి, వారి పాఠశాలలకు వెళ్లండి, లక్ష్యాన్నీ గడువునూ కాగితం మీద పెట్టండి. లక్ష్యం కోటా కాదు. ఎంపిక మాత్రం ప్రతిభ మీదే జరగాలి. మతం చూసి ఉద్యోగమిస్తే అదే చట్టవిరుద్ధమైన వివక్ష అవుతుంది.