పాత ఓక్ నేలకు కొత్త మెరుగు – 3వ పాఠం: 36 నంబరు నుంచి 100 దాకా

కిందటి పాఠంలో కార్పెట్ పీకి, పైకి తేలిన మేకులన్నీ లోపలికి దిగగొట్టాం. ఒక్క మేకు తల మిగిలినా నేలను అరగదీసే డ్రమ్ శాండర్ మిషన్ మీది గరుకు కాగితం చిరిగిపోతుంది. అందుకే వెడల్పాటి లప్పం బ్లేడుతో నేలంతా ఒకసారి గీరి చూడండి. మేకున్న చోట టిక్కుమంటుంది.

అరగదీయడానికి చెక్క ఎంత మిగిలిందో కూడా చూసుకోవాలి. హీటర్ గాలి వచ్చే జాలీని నేలలోంచి ఎత్తితే పలక అంచు కనబడుతుంది. అమెరికా పాత ఇళ్ళలో మామూలుగా ఉండే ముప్పావు అంగుళం ఓక్ పలకకు, రెండు పలకలు కలిసే గాడి పైన కొత్తలో సుమారు పావు అంగుళం చెక్క ఉంటుంది. పూర్తిగా ఒకసారి అరగదీస్తే దాదాపు అంగుళంలో 32వ వంతు పోతుంది. అంచు ప్లైవుడ్‌లా పొరలు పొరలుగా ఉండి, పై పొర 2 మిల్లీమీటర్లకు లోపు ఉంటే డ్రమ్ మిషన్ జోలికి పోకండి. ఇల్లు 1978కి ముందుదైతే పాత పూతల్లో సీసం ఉండవచ్చు, పరీక్ష చేయించాకే దుమ్ము లేపాలి.

ఇక అద్దెకు తెచ్చిన డ్రమ్ శాండర్. తిరుగుతున్న డ్రమ్‌ను ఒక్క క్షణం ఒకేచోట ఆపితే అక్కడ గుంట పడుతుంది. ఆ గుంట తర్వాత ఎంత పాలిష్ వేసినా కనబడుతూనే ఉంటుంది. కాబట్టి ముందు అడుగు కదలాలి, తర్వాతే డ్రమ్ నేలకు ఆనాలి. అవతలి గోడ దగ్గర నడక ఆగకముందే డ్రమ్ పైకి లేవాలి. చేయి తిరిగేదాకా ప్లగ్గు పెట్టకుండానే గదిలో అటూ ఇటూ తోసి చూడండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

పలకల పొడుగు వెంబడే నడవాలి. ముందుకు వెళ్ళిన దారినే వెనక్కి వచ్చి, డ్రమ్ వెడల్పులో సగం పక్కకు జరగండి. గదిలో మూడింట రెండు వంతులు ఒక దిక్కుగా తీసి, మిగిలింది ఎదురు దిక్కుగా తీయండి. రెండూ కలిసే చోట అడుగు రెండడుగులు ఒకదాని మీద ఒకటి పడాలి.

గరుకు కాగితాల నంబర్ల వరస 36, 60, 100. పాత పూత ఊడేదాకా 36 పని. ఆ తర్వాత చాలామందికి తొందర పుడుతుంది, 60 ఎగ్గొట్టి 100 ఎక్కిస్తారు. 100 కాగితం గరుకు సన్నం, 36 గీసిన లోతైన గీతల అడుగుకు అది చేరదు, పైపైన నునుపు చేసి వదిలేస్తుంది. పూత లేని చెక్క మీద ఏమీ కనబడదు. రంగు పూయగానే గీతల్లోకి దిగి నల్లగా తేలుతుంది. 100 దాటి మరీ నున్నగా చేసినా చిక్కే, చెక్క రంగు సరిగా పీల్చదు. నంబరు మార్చే ముందు నేల మీద పెన్సిల్‌తో గజిబిజిగా గీతలు గీసుకోండి, అవన్నీ పోతే ప్రతిచోటా కాగితం తగిలినట్టే. ఆపైన లైట్లు ఆర్పి టార్చి నేలమీద పడుకోబెట్టి చూడండి, మిగిలిన గీతలన్నీ నీడలుగా లేస్తాయి. డ్రమ్ అందని గోడ అంచులకు అదే నంబరు కాగితంతో ఎడ్జర్, అంటే అంచులు తీసే చిన్న శాండర్.

చలికాలం తులసి కుండీ లోపల పెట్టిన చోట నల్ల మచ్చ ఉందా? ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థానికి తడి, ఇనుము తోడై వచ్చే మచ్చ అది, లోతుకు దిగుతుంది. 36తో పోకపోతే అక్కడే నిలబడి తవ్వకండి, ఆ పలక మార్చడమే నయం.

మాస్కు లేకుండా మిషన్ ఆన్ చేయొద్దు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది. మిషన్ దుమ్ము సంచి మూడోవంతు నిండగానే దుమ్మును బయట ఇనుప డబ్బాలో పోయండి. పాత పూత కలిసిన దుమ్ము తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు, రాత్రి ఇంట్లో ఉంచొద్దు.

మూలలు, స్క్రీనింగ్ (పూతకు ముందు జాలీ కాగితంతో తేలిగ్గా రుద్దడం), మొదటి పూత 4వ పాఠంలో. అప్పటిదాకా తడిగుడ్డ పెట్టకండి, సాక్సులతోనే నడవండి. పూత లేని ఓక్ మీద చెమట పాదాల గుర్తులు పడతాయి.